ఉల్లి ఎగుమతులపై రాత్రికి రాత్రి నిషేధాలు ఆపాలి

ధర కాస్త పెరిగిందంటే చాలు కేంద్రం ఉల్లి ఎగుమతులకు గేటు మూసేస్తోంది, ఈ పద్ధతి మానాలి. 2020 సెప్టెంబర్‌లో నిషేధం పెట్టారు, 2023 ఆగస్టులో 40 శాతం సుంకం వేశారు, అది చాలదన్నట్టు డిసెంబర్‌లో పూర్తిగా ఆపేశారు. మా కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లి సంగతే చూడండి, ఘాటు ఎక్కువని మన ఇళ్లలో దాన్ని పెద్దగా వాడరు, అది పండించేదే మలేషియా, సింగపూర్‌లకు పంపడానికి. అయినా 2020 నిషేధం దానికీ వర్తించింది, తర్వాత అక్టోబర్‌లో పది వేల టన్నులకు, అదీ చెన్నై రేవు నుంచే పంపాలని అనుమతి ఇచ్చారు. ఢిల్లీలో వంటింటి ఖర్చుకూ ఈ ఉల్లికీ సంబంధమేమిటి? సరుకు ఆగితే గోతాల్లోనే మొలకలొస్తాయి, కింది వరస కుళ్లి నీరు కారుతుంది, వ్యాపారి ఎంతంటే అంతకు రైతు ఇచ్చేయాల్సిందే. ధర పడిపోయినప్పుడు మాత్రం ఏ ఢిల్లీ అధికారీ పరుగెత్తుకు రాడు. ఆచార్య రంగా గారు 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడిగా నిలబడి పోరాడింది రైతు సేద్యంపై సర్కారు పెత్తనం వద్దనే కదా! పేదలకు చౌకగా ఉల్లి ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం మార్కెట్ ధరకు కొని తన ఖర్చుతో తగ్గించి అమ్మాలి, ఆ భారం రైతు నెత్తిన వేయకూడదు. ఎగుమతి విధానం నాట్లకు ముందే ప్రకటించి, పంట అమ్ముడయ్యేదాకా మార్చకూడదని పార్లమెంటు చట్టం చేయాలి.

- ఒక ఉల్లి రైతు, కడప జిల్లా