నూనె ఎక్కువైంది, తప్పు మాదే

మా లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) కస్టమర్లందరికీ నమస్కారం.

పోయిన నెల మిర్యాలగూడలో మేం చూసే ఒక అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఫ్లోర్‌కు సమంగా ఆగడం మానేసింది. ఖాళీగా పైకి పోతే గడప దాటి రెండంగుళాలు మీద, నిండుగా కిందికొస్తే రెండంగుళాలు కింద. ఒక పెద్దమ్మ కాలు తట్టుకుని పడబోయింది. ఆ రోజే లిఫ్ట్ ఆపేయాల్సింది. మేం బ్రేక్ ప్రాబ్లమ్ అనుకుని రెండుసార్లు టైట్ చేసి వచ్చాం.

మూడోసారి నేనే మెషిన్ రూం ఎక్కాను. పుల్లీ మీదా రోప్ మీదా చాక్‌పీస్‌తో ఒకే గీత గీసి, లిఫ్ట్‌ను ఒకసారి పైకీ కిందికీ తిప్పించాను. గీతలు కాస్త పక్కకు జరగడం మామూలే. ఇక్కడ జానెడు జరిగాయి. కరెంటు తీసి రోప్ పట్టుకుంటే అరచేయంతా నల్లటి జిడ్డు. తుప్పు పట్టొద్దని మా దగ్గర పనిచేసే పిల్లగాడు నూనె దండిగా పట్టించాడు. పుల్లీ గాడిలో రోప్‌కు పట్టు లేకపోతే లిఫ్ట్ జారుతుంది. అట్లని పూర్తిగా ఎండబెట్టినా లోపలి తీగలు ఒరుసుకుని ఎర్రటి పొడి రాలుతుంది. వేలితో రాస్తే లేతగా అంటాలి, అంతే. ఆ లెక్క వాడికి నేను చూపించలేదు.

రెండు రోజులు గుడ్డలతో తుడిచాం. డబ్బులు తీసుకోలేదు.

తర్వాత మిగతా లిఫ్ట్‌లూ చూశాం. ఒకచోట రబ్బరు రోలర్లతో నడిచే లిఫ్ట్ గైడ్ రైల్స్‌కు, అంటే లిఫ్ట్ పట్టుకుని నడిచే నిలువు పట్టాలకు, నూనె రాశాం, రోలర్లు ఉబ్బిపోయాయి. అవి మా ఖర్చుతోనే మారుస్తున్నాం. రైస్ మిల్లుల దగ్గరైతే తలుపు గాడిలో నూనె, ఊక దుమ్ము కలిసి గట్టి ముద్దయింది. తలుపు మూసుకోకపోవడానికి అదే కారణం. నిజం చెప్పాలంటే, “నూనె వేయకుండానే పోతున్నారేంది?” అని మీరు అడుగుతారని నాలుగు చుక్కలు వేసేవాళ్లం.

ఇకమీదట సర్వీస్ కార్డు మీద ఏం తుడిచామో కూడా రాస్తాం. లిఫ్ట్ స్పీడ్ మితిమీరితే ఆపించే గవర్నర్ రోప్‌కు, బ్రేక్ దగ్గర చుక్క కూడా వేయం. చప్పుడొస్తే వాచ్‌మన్‌తో కొబ్బరినూనె పోయించకండి, మాకు ఫోన్ చేయండి.

దేవరకొండ వైపు లిఫ్ట్‌లు వచ్చే వారం చూస్తాం. రెండు గంటలు ఆపాలి. పిల్లలు బడికి పోయాక, పొద్దున పది తర్వాత పెట్టుకుందాం.