నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య నా దగ్గర మెయిన్ జెట్ మార్పించుకున్నవాళ్లు ఒకసారి బండి తీసుకురండి

ముందు అసలు విషయం చెప్పేస్తాను, సోది తర్వాత. మొన్న నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా మా షెడ్డులో మెయిన్ జెట్ (కార్బురేటర్లో పెట్రోలు ఎంత వెళ్లాలో కొలిచి వదిలే రంధ్రం ఉన్న చిన్న ముక్క) మార్పించుకున్న ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్ 350 వాళ్లందరూ వీలైనంత తొందరగా బండి తీసుకురండి. జెట్ ఊరికే మార్చి ఇస్తాను, లేబర్ కూడా వద్దు. అప్పటిదాకా హైవే ఎక్కి ఫుల్ థ్రాటిల్‌లో అదేపనిగా తోలకండి. ఊళ్లో తిరగడానికి భయం లేదు. బుల్లెట్, యెజ్డీ వాళ్లు కంగారు పడక్కర్లేదు, ఆ జెట్లు మీ బళ్లకు పడలేదు.

ఏం జరిగిందంటే, ఫిబ్రవరిలో ఒక తమ్ముడు ఆర్‌ఎక్స్ మీద విశాఖ నుంచి శ్రీకాకుళం బయల్దేరాడు, తగరపువలస దాటి భోగాపురం దగ్గరకి వచ్చేసరికి ఇంజన్ సీజ్ అయింది, అంటే పిస్టన్ సిలిండర్లో పట్టేసింది. క్లచ్ మీద వేలు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే వెనక చక్రం లాక్ అయ్యి ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు. ట్రాలీ ఆటోలో వేసుకుని నా దగ్గరికే తెచ్చాడు. ఒక్క మాట అనలేదు, బండి దింపి, "అన్నా, చూడు" అని పక్కన కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

నా మొదటి అనుమానం టూ స్ట్రోక్ ఇంజన్ లోపలికి ఆయిల్ అందించే పంపు మీదకే పోయింది, ఏ మెకానిక్ అయినా ముందు దాన్నే అనుమానిస్తాడు. పంపు విప్పి చూస్తే శుభ్రంగా కొడుతోంది. హెడ్ తీస్తే పిస్టన్ మీద గీతలు సైలెన్సర్ వైపు ఉన్నాయి, ప్లగ్ సున్నం వేసినంత తెల్లగా ఉంది. అంటే ఆయిల్ అందక కాదు, పెట్రోలు చాలక వేడెక్కి పట్టేసింది. మా భాషలో లీన్. ఆ కార్బురేటర్‌ని రెండు వారాల కింద విప్పి, కడిగి, జెట్ మార్చి బిగించింది నేనే. తప్పు ఎవరి మీదకి తొయ్యాలో వెతుక్కునే అవకాశం కూడా లేదు.

అసలు జెట్ తీసి చూస్తే రంధ్రం సైజు చెప్పే నెంబరు సరిగ్గానే ఉంది. నేను అడిగిన నెంబరే, చక్కగా గుద్ది ఉంది. కానీ నెంబరు నమ్మి కదా ఇంతదాకా వచ్చింది, అందుకని ఈసారి కొలిచాను. ఇందుకోసం పెద్ద మెషీన్లేమీ లేవు నా దగ్గర. పాత సెలైన్ స్టాండుకి ఒక బాటిల్ వేలాడదీసి, కింద ట్యూబు చివర జెట్ బిగించి, ఎప్పుడూ ఒకే ఎత్తులో పెట్రోలు ఉండేలా చూసుకుని, 100 మి.లీ. దిగడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. ముందు ఒక పాత బండిలోంచి తీసిన కంపెనీ జెట్, తర్వాత నేను కొన్న కొత్తవి, అన్నీ ఒకే నెంబరు. కంపెనీ జెట్‌లో నిమిషం పట్టిన చోట కొత్తవాటిలో కొన్ని ఐదారు సెకన్లు ఎక్కువ తీసుకున్నాయి, ఒకటైతే తక్కువే తీసుకుంది. అంటే ఒకే డబ్బాలో వచ్చినవి ఒకదానికొకటి పొంతన లేదు. అమ్మినతను వెనక్కి తీసుకున్నాడు, డబ్బులు కూడా ఇచ్చాడు, కాబట్టి అతని పేరు చెప్పి గొడవ చెయ్యను. కొలవకుండా బిగించిన తప్పు నాదే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది "నా బండిలో కంపెనీ జెట్టే ఉంది కదా, నాకేంటి" అంటున్నారు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైంది, 2025 కల్లా దాదాపు ఎక్కడికి వెళ్లినా అదే. ఉత్త పెట్రోలు ఒక గ్రాము కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 గ్రాములే చాలు. రెండూ కలిపిన ఇ20కి లెక్క సుమారు పదమూడున్నర దగ్గర తేలుతుంది. దీన్ని బండి వైపు నుంచి చూడండి. సిలిండర్ పీల్చే గాలి ఎప్పటిలాగే ఉంది, ఆ గాలికి ఇప్పుడు ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి, జెట్ రంధ్రం మాత్రం 1985లో ఎంత ఉందో అంతే ఉంది. కొత్త బళ్లలో సెన్సర్ కనిపెట్టి ఇంజెక్టర్‌తో కొంచెం ఎక్కువ కొట్టిస్తుంది. మన కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, అది ఒక ఇత్తడి ముక్క.

ఆ తమ్ముడి బండికి మూడూ ఒకేసారి కలిశాయి. జెట్ పదో వంతు తక్కువ పారుతోంది, పెట్రోలు ఇ20, పైగా కార్బురేటర్‌కి గాలి వచ్చే డబ్బా, అంటే ఎయిర్ బాక్స్ పీకేసి, ఆ డబ్బా లేకుండా నేరుగా తగిలించే ఓపెన్ ఫిల్టర్ పెట్టించుకున్నాడు. విడివిడిగా అయితే దేనికదే బండి భరించేదేమో.

ఓపెన్ ఫిల్టర్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను, ఇక నుంచి నేను అవి పెట్టను. డబ్బులు వచ్చే పనే, తెలుసు. సౌండ్ బాగుంటుంది, అదీ తెలుసు, నాకూ ఇష్టమే. కానీ ఆర్‌ఎక్స్‌లో ఎయిర్ బాక్స్ ఉత్త డబ్బా కాదు, గాలి ఎంత రావాలో అది కూడా లెక్కలో భాగమే. అది తీసేస్తే మెయిన్ జెట్ ఒక్కటి పెంచితే అయిపోదు, నీడిల్ (పెట్రోలు దారిలో పైకీ కిందకీ కదిలే సూది) దగ్గర్నుంచి అంతా మళ్లీ చెయ్యాలి, అంత చేశాక వాన పడితే ఫిల్టర్ తడిసి మళ్లీ మొదటికి వస్తుంది. మన ఊరి గాలిలో ఉప్పు, దుమ్ము సంగతి సరే సరి. ఇప్పటికే పెట్టించుకున్నవాళ్ల పాత ఎయిర్ బాక్స్ ఇంట్లో ఉంటే తీసుకురండి, తిరిగి బిగించి ట్యూన్ చేస్తాను. అమ్మేసి ఉంటే మాత్రం నేనేమీ చెయ్యలేను.

రోజుకి ఇద్దరైనా "మైలేజీ రావట్లేదు, స్క్రూ కొంచెం తిప్పన్నా" అంటారు. ఆ పక్కనుండే ఎయిర్ స్క్రూ పని థ్రాటిల్ ఎనిమిదో వంతు తెరిచేదాకానే. అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడ్ (థ్రాటిల్ తిప్పితే కార్బురేటర్లో పైకి లేచే ముక్క) కింద అంచు కోత, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, ఆ పైన మెయిన్ జెట్. మీరు ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి గాజువాక వెళ్తూ ఎక్కువ సేపు ఉండేది నీడిల్ మీద. ఆ నీడిల్ 30 ఏళ్లుగా నీడిల్ జెట్‌లో పైకీ కిందకీ రాసుకుని, రంధ్రం గుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటుంది, పెట్రోలు అక్కడి నుంచే ఎక్కువ పోతుంది. దానికి స్క్రూ బయటికి తిప్పితే స్లోలో బండి లీన్ అయ్యి, పొద్దున స్టార్ట్ అవ్వక, మీరు మళ్లీ నా దగ్గరికే వస్తారు. మైలేజీ కావాలంటే నీడిల్, నీడిల్ జెట్ జతగా మార్చాలి. నీడిల్‌కి ఐదు గాట్లు ఉంటాయి కదా, క్లిప్ ఒక గాటు కిందకి వేస్తే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. ఇ20 వచ్చాక చాలా ఆర్‌ఎక్స్‌లకి నేను చేసే మొదటి పని ఇదే, ఖర్చు లేదు, నచ్చకపోతే వెనక్కి తిప్పొచ్చు.

ప్లగ్ రంగు చూసి చెప్పే విద్య కూడా ఇప్పుడు సగమే పనిచేస్తోంది. మా గురువు రోజుల్లో ఇటుక రంగు వస్తే దండం పెట్టి బిగించేవాళ్లం. ఇప్పటి పెట్రోలుకి ప్లగ్ కొంచెం వెలవెలబోతూనే ఉంటుంది, అది చూసి లీన్ అని పెంచుకుంటూ పోతే మసి పట్టేస్తుంది. అందుకే ఇక మీద మెయిన్ జెట్ మార్చిన ప్రతి బండినీ నేనే రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో లాగి, అదే స్పీడులో ఇంజన్ ఆపి, క్లచ్ పట్టి పక్కకి తీసి ప్లగ్ చూస్తాను, జెట్ మాత్రం ముందే సెలైన్ స్టాండు మీద కొలిచి ఉంటుంది. రెండూ ఒకే మాట చెబితేనే బండి ఇస్తాను.

దీనివల్ల టైం ఎక్కువ పడుతుంది. ఇదివరకు పొద్దున పెడితే సాయంత్రం ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు రెండు రోజులు. రాజ్‌దూత్ 350కి మూడు రోజులు చెప్పుకోండి, దానికి కార్బురేటర్లు రెండు, కేబుళ్లు రెండు, ఒకటి మిల్లీమీటరు ముందు లేచినా ఒక సిలిండర్ చాకిరీ చేస్తుంటే ఇంకోటి కూర్చుని చూస్తుంటుంది. రెండు స్లైడ్ల కిందా ఒకే సైజు డ్రిల్ బిట్లు పెట్టి, థ్రాటిల్ లాగినప్పుడు రెండూ ఒకేసారి పడేదాకా కేబుల్ సర్దాలి, అది తొందరపడితే అయ్యే పని కాదు. లేబర్ 900 రూపాయల నుంచి 1,400కి పెంచుతున్నాను. ఒప్పుకోలేనివాళ్ల మీద నాకు కోపం లేదు.

యెజ్డీ వాళ్లకి ఒక కబురు. మీ బళ్లకి వచ్చిన జికోవ్ కార్బురేటర్ బాడీలు మంచివి దొరకడం లేదు. మైసూరులో యెజ్డీలు చేసిన ఐడియల్ జావా కంపెనీ 1996లో మూతపడింది, ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది కూడా అదే ఏడాది, కానీ ఆర్‌ఎక్స్ సామాన్లకి ఉన్నంత బజారు యెజ్డీకి లేదు. స్లైడ్ అరిగి, బాడీ కూడా అరిగి, పక్కల నుంచి గాలి పీల్చే కార్బ్‌ని ఎన్ని జెట్లు మార్చినా ఐడ్లింగ్ నిలవదు. కొత్తగా వచ్చే నకలు కొని నాకు తేవద్దు. పాత బాడీని లేత్ మీద బోర్ చేయించి ఇత్తడి స్లీవ్ వేయించే ప్రయత్నంలో ఉన్నాను, రెండు బళ్లకి చేశాను, ఒకటి బాగుంది, రెండోది వేడెక్కితే స్లైడ్ బిగుసుకుంటోంది. అది తేలేదాకా ఇంకెవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోను.

ఇంకొందరు "వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటాను, ఈలోగా కార్బ్ మార్చి పవర్ పెంచు" అంటున్నారు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలో ఉండాలి, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు, పైగా రోజూ రోడ్డు మీద తిప్పడానికి లేదు. ఆర్‌ఎక్స్‌ని మనం ముద్దుగా వింటేజ్ అనుకోవడమే, కాగితం మీద దానికి ఇంకా వయసు రాలేదు.

చలికాలంలో అరకు, లంబసింగి వెళ్లేవాళ్లు వేరే జెట్ వెయ్యమని అడుగుతారు. అక్కర్లేదు. అంత ఎత్తులో గాలి పల్చబడి బండి రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, చలికి గాలి చిక్కబడి లీన్ అవుతుంది, రెండూ చాలావరకు సర్దుకుంటాయి. చూసుకోవాల్సింది దిగేటప్పుడు. అనంతగిరి ఘాట్‌లో థ్రాటిల్ పూర్తిగా మూసేసి గేర్లో కిలోమీటర్ల కొద్దీ దిగితే టూ స్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా సరిపడా అందదు. మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి థ్రాటిల్ తిప్పండి. బండి నెలల తరబడి పక్కన పెట్టేవాళ్లు పెట్రోలు ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ కింద గిన్నె, అంటే ఫ్లోట్ చాంబర్లో పెట్రోలు అయిపోయేదాకా ఇంజన్ తిప్పి ఆపండి, ఇథనాల్ నీళ్లు పీల్చుకుంటుంది, మొన్న విప్పిన ఒక చాంబర్లో తెల్లటి పొడి చెంచాతో తీశాను.

జెట్ మార్పుకి మంగళ, బుధ, గురు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు లోపల రండి, ఆ టైంలో వేరే బండి ముట్టుకోను. బిల్లు పోయినా పర్వాలేదు, నా నోటుబుక్కులో బండి నెంబర్లు ఉన్నాయి. ఇప్పటికి సగం మంది వచ్చి వెళ్లారు, మిగతావాళ్లకి ఫోన్లు చేస్తున్నాను, కొందరు ఎత్తడం లేదు.

భోగాపురం తమ్ముడి బండికి సిలిండర్ బోర్ చేయించి 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్ వేశాను, ఖర్చంతా నాదే. ఎయిర్ బాక్స్ కూడా తిరిగి ఎక్కించాను, సౌండ్ తగ్గిందని అలిగాడు. వెయ్యి కిలోమీటర్ల దాకా 50 దాటొద్దని చెప్పి పంపాను. నిన్న సాయంత్రం షెడ్డు ముందు నుంచే వెళ్లాడు, 50 మాత్రం కాదు.