నూతిలో బ్లీచింగ్ సరే, గట్టు పగులు సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

వానలు పడ్డాయంటే ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల ఊళ్లలో వాంతులు, విరేచనాల భయం మొదలవుతుంది. ఎవరైనా ఆస్పత్రి పాలయ్యాక నూతిలో గుప్పెడు బ్లీచింగ్ చల్లుతారు. 2022 జూలైలో కాశీపూర్ బ్లాకులో కలరా ప్రాణాలు తీసింది. ఆ తర్వాతైనా తాగే నీళ్లలోకి మురికి ఏ దారిన వస్తోందో వెతికి, వానలకు ముందే ఆ దారి మూయాలి కదా!

బోరింగు నీళ్లు శుభ్రమని అందరి నమ్మకం. లోతున ఉన్న నీరు మంచిదే కావచ్చు, చెడు పైనుంచి దిగుతుంది. పంపు అడుగు నట్లు వదులైతే కొట్టినప్పుడల్లా పంపు ఊగి, చుట్టూ ఉన్న సిమెంటు చప్టా పగులుతుంది. బట్టలుతికిన నీళ్లు, పశువులను కడిగిన నీళ్లు ఆ పగుల్లో ఇంకి, బోరు గోడ కూలకుండా దింపిన కేసింగు పైపు వెంబడే కిందికి జారతాయి. నట్లు బిగించి, పగులు సిమెంటుతో పూడ్చి, వాడిన నీళ్లు దూరంగా పోయేలా కాలువ తీస్తే చాలు. ఇది ఒక తాపీమేస్త్రీకి ఒక పూట పని. నూతి గట్టుకూ ఇదే వర్తిస్తుంది.

కొళాయిల తంతు వేరు. నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆపగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పల్లంలో ఎవరి కొళాయి తెరిచి ఉన్నా, ఎవరైనా లైనుకు నేరుగా మోటారు బిగించి లాగినా, పైపు తన చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది. చుట్టూ ఉన్నది మురుగు కాలువైతే? చాలా వీధుల్లో ఇంటి కనెక్షన్ పైపు కాలువలోంచే పోతుంది. జాయింటు చెమ్మగిల్లినా సరిపోతుంది. వదిలిన మొదటి ఐదు నిమిషాలు నీళ్లు రంగు మారి, వాసన కొడుతుంటే దగ్గర్లో ఎక్కడో జాయింటు పోయిందని అనుమానించాలి. ఆ నీళ్లు పారబోసి ఊరుకోకూడదు, తవ్వించి చూడాలి. కాలువ దాటే చోట పైపును పైకెత్తి, ఇనుప గొట్టంలో దూర్చి తీసుకెళ్లాలి.

మరుగుదొడ్డి గుంత నూతికి కనీసం 15 మీటర్లు, అంటే 50 అడుగుల దూరంలో, వాలుకు దిగువన ఉండాలి. మన కొండ నేలల్లో రాతి పగుళ్ల వెంట నీరు వేగంగా పరుగెడుతుంది కాబట్టి ఇంకా ఎడంగా ఉంటే మేలు.

ఇక బ్లీచింగ్. పొడిని నేరుగా చల్లితే సగం గడ్డలు కట్టి అడుక్కి పోతుంది. ముందు నూతి నీళ్లెన్నో లెక్కకట్టాలి: గుండ్రటి నూతికి వెడల్పు అడుగులను వెడల్పుతోనే గుణించి, నీటి లోతు అడుగులతో గుణించి, మళ్లీ 22తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల నీరు ఉంటే సుమారు 8 వేల లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 20 గ్రాముల మంచి పౌడరు పడుతుంది. దాన్ని బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పాతిక వంతు నీళ్లు నింపి కలియబెట్టి, పది నిమిషాలు తేరనివ్వాలి. పైతేట మాత్రమే మరో బకెట్లోకి వంచి నూతిలోకి దింపి, బకెట్టును పైకీ కిందికీ ఆడించాలి. అడుగున మిగిలిన సున్నం నూతిలో పోయకూడదు. గంటసేపు ఎవరూ తోడకూడదు, అందుకే రాత్రి వేయడం మేలు. తర్వాత క్లోరిన్ పరీక్ష చేస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. లేకపోతే మోతాదు చాలలేదు, లేదా పౌడరు చచ్చిపోయింది. తాజా పౌడరులో 33 శాతం దాకా ఉండే క్లోరిన్, మూతి విప్పిన సంచిలో చెమ్మ తగిలితే ఎగిరిపోతుంది. ఏడాదిగా గోదాంలో పడున్న సంచిని నమ్మి ఊరి ప్రాణాలు పణంగా పెట్టడం ఘోరం.

బురద నీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు. గెడ్డ (కొండవాగు) నీళ్లు తాగే వాడల్లో ముందు పటిక తిప్పి, తేరిన నీటిని గుడ్డలో వడకట్టాలి. తర్వాతే క్లోరిన్. లేదా కళపెళ మరిగించాలి. ఫ్లోరైడు, నైట్రేటు మాత్రం మరిగించినా పోవు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడతాయి. వాటికి ల్యాబు పరీక్షే దారి.

పంచాయతీలనూ గ్రామీణ నీటి సరఫరా అధికారులనూ కోరేది ఒక్కటే. జూన్ లోపు ప్రతి బోరింగు చప్టా, నూతి గట్టు, కాలువ దాటే ప్రతి పైపు చూసి మరమ్మతు చేయించండి. నల్లబడే సీసాతో, అంటే మలం కలిసిన నీరు పోస్తే నల్లగా మారే పరీక్ష సీసాతో (హెచ్2ఎస్ సీసా), ప్రతిచోటా నీరు పరీక్షించండి. 48 గంటల్లోపు సీసా నల్లబడితే మలం కలిసిందని అనుమానించి, ఆ నీటిని తాగడం ఆపించండి. ఫలితాన్ని తేదీతో సహా ఆ బోరింగు దగ్గరే ఒడియాలో, తెలుగులో రాయించండి. సవర గిరిజనుల వాడల్లో వాళ్ల భాషలో చదివి వినిపించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుణుపూర్, రాయగడ జిల్లా, ఒడిశా