ఫాగ్ ల్యాంపుల కరెంటు స్విచ్‌లోంచి పోనివ్వకు

అమ్మలూ,

నిన్న ఫోన్లో "మన అంబాసిడర్‌కి ఫాగ్ ల్యాంప్స్ తెచ్చేశా నాన్నా, డాష్‌బోర్డ్ కింద ఒక స్విచ్ పెట్టి కనెక్షన్ ఇచ్చేస్తా" అన్నావు, అప్పట్నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు. ఫోన్లో చెప్తే ఊ ఊ అంటావు గానీ చెవికెక్కదు, అందుకే రాస్తున్నా, బానెట్ తెరిచినప్పుడు దగ్గర పెట్టుకో.

ముందు నా ఘనకార్యం చెప్తా. 1998లో నువ్వు చిన్నదానివి, హైదరాబాద్ నుంచి వస్తున్నాం, వెనక సీట్లో నువ్వు నిద్ర. అంతకు వారం ముందే నేను తెలివి ఎక్కువై 100/90 బల్బులు, అంటే హైలో వంద వాట్లు, డిమ్‌లో తొంభై వాట్లవి వేశా, పాత వైరింగ్ మీదే, రిలే లేదు ఏం లేదు. నందిగామ ఇంకా రాలేదు, ప్లాస్టిక్ కాలిన వాసన, డాష్ కింద నుంచి సన్నగా పొగ, రెండు హెడ్‌లైట్లూ ఒకేసారి పోయాయి. స్విచ్ ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ముందు పోతున్న లారీ ఎర్ర లైట్లు పట్టుకుని దాబా దాకా ఎలా వచ్చామో ఆ దేవుడికే తెలియాలి. మీ అమ్మ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

ఎందుకలా అయిందంటే, మన మార్క్ 3 అంబాసిడర్‌లో హెడ్‌లైట్ కరెంటు మొత్తం డాష్ స్విచ్‌లోంచి, ఎడమ కాలి కిందున్న డిప్పర్‌లోంచి, అదే హై, డిమ్ మార్చే స్విచ్‌లోంచి, తిరిగి ముందుకొస్తుంది, దానికి ఫ్యూజు కూడా లేదు. వంద వాట్ల బల్బులు రెండంటే దాదాపు 17 ఆంప్స్, నలభై ఏళ్ళు దాటిన ఆ స్విచ్‌ల లోపలి రాగి పలకలు ఎక్కడ మోస్తాయి? నీ ఫాగ్ ల్యాంపులు 55 వాట్లవి రెండు, అంటే 9 ఆంప్స్ పైనే.

రిలే అంటే మేస్త్రీ, కూలీ లెక్క. మేస్త్రీ నోటితో చెప్తాడు, మూట మోసేది కూలీ. ఇక్కడ స్విచ్ మేస్త్రీ, రిలే కూలీ. రిలే పిన్నులకి నంబర్లుంటాయి: స్విచ్ నుంచి 86కి సన్న వైరు, 85 నుంచి బాడీ ఎర్త్, ఈ రెండిటి మధ్య రిలే లోపలుండే తీగచుట్టకి (కాయిల్) పట్టేది ఆంపులో ఐదో వంతు కూడా ఉండదు. 30కి బ్యాటరీ నుంచి లావు వైరు, 87 నుంచి ల్యాంపులకి. ఐదు పిన్నుల రిలే ఇస్తే మధ్యలో ఉండే 87ఏ వదిలెయ్, స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాన్లో కరెంటుంటుంది. లోపల డయోడ్ ఉన్న రిలే అయితే 86కే పాజిటివ్, తిప్పి పెడితే డయోడ్ పోతుంది. మీ ఫ్రెండు వాళ్ళ లాండ్‌మాస్టర్‌కి కూడా చేస్తానన్నావుగా, అలాంటి పాత బళ్ళలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలపడం, ఉండొచ్చు, మన బండిలా అనుకుని వైరు పెట్టేయకు.

లావు వైరు సెల్ఫ్ సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటిచ్చే పెద్ద స్విచ్) మీద బ్యాటరీ వైపు బోల్టు నుంచి తీసుకో, రింగు లగ్గు వేసి. ఆ బోల్టు నుంచి జానెడు లోపే ఫ్యూజు, 15 ఆంప్స్. ఫ్యూజు రిలే పక్కన పెట్టి చక్కగా ఉందనుకునేవాళ్ళని చాలామందిని చూశా, మధ్యలో వైరు బాడీకి రాసుకుంటే ఆ ఫ్యూజు చూస్తూ కూర్చుంటుంది, బండి కాలుతుంది. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం ఆటో వైరు, ఇంటి వైరు మిగిలిందని అది వేయకు. రిలే పిన్నులు కిందికి ఉండేలా బిగించు, లేకపోతే వానకి నీళ్ళు హోల్డర్‌లో నిలుస్తాయి. ఎర్త్ దగ్గర పెయింటు గీకి మెరిసే రేకు కనపడాలి, సగం కంప్లయింట్లు అక్కడే.

ఇది కుదిరాక హెడ్‌లైట్లకి కూడా రెండు రిలేలు వెయ్, హై ఒకటి, డిమ్ ఒకటి. నీలం మీద తెల్ల గీత హై, నీలం మీద ఎర్ర గీత డిమ్, కానీ ఇన్నేళ్ళలో ఎంతమంది చేతులు పడ్డాయో, టెస్ట్ ల్యాంపుతో చూసుకోకుండా ఏదీ నమ్మకు. వైర్లలో వోల్టేజ్ పది శాతం పడిపోతే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది, అందుకే మామూలు 60/55 బల్బులే రిలే పెట్టగానే కొత్తవాటిలా వెలుగుతాయి. వంద వాట్లు వద్దే వద్దు.

ఒకటి మాత్రం రిలే కూడా చెయ్యలేదు. మన డైనమో మహా అయితే 22 ఆంప్స్. డిమ్ 9, ఫాగ్ 9, ఇగ్నిషన్ కాయిల్ నాలుగు, టెయిల్ లైట్లు, కలిపితే దాటిపోయింది, ఐడిల్‌లో అయితే అసలు చార్జే ఉండదు. కాబట్టి మంచు పడ్డప్పుడు కాసేపు వేసుకో, రోజూ వాడాలంటే ఆల్టర్నేటర్ మార్పిద్దాం, డబ్బులు నేను పంపుతా.

క్రింపింగ్ ప్లయరు, లగ్గులు, స్లీవులు, రెండు స్పేర్ రిలేలు ఆవకాయ జాడీతో పాటు బస్సులో వేశా, జాడీ నిలబెట్టి దింపమని చెప్పు. పని మొదలెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ పీకెయ్. అంతా అయ్యాక నాకు ఫోన్ చేసి, ఫోను రిలే దగ్గర పెట్టి స్విచ్ వెయ్, టిక్కుమన్న చప్పుడు నేనూ వింటా.

మీ నాన్న