‘40’ బోర్డు దాటాక కాదు, బోర్డు దగ్గరికి వచ్చేసరికే

సంపాదకులకు,

ఇచ్ఛాపురం దాటి గిరిసోల మీదుగా బరంపురం వైపు, పాతపట్నం నుంచి పర్లాకిమిడికి, సాలూరు నుంచి సుంకి ఘాటెక్కి కోరాపుట్‌కు బళ్లు నడిపే వాళ్లలో ఒక అపోహ బాగా నాటుకుపోయింది. గంటకు 40 కిలోమీటర్ల పరిమితి తెలిపే ‘40’ బోర్డు దాటాక నెమ్మదిగా వేగం తగ్గించుకుంటూ పోతే చాలని అనుకుంటున్నారు. చాలదు. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు ఎక్కడ పాతారో అక్కడే కొత్త పరిమితి మొదలు. బండి ముందు చక్రం ఆ స్తంభం దగ్గరికి వచ్చేసరికే ముల్లు 40కి దిగి ఉండాలి. పరిమితి పెరిగే చోట కూడా అంతే, దూరాన ‘80’ కనిపించగానే యాక్సిలరేటర్ తొక్కకూడదు, స్తంభం దాటాకే తొక్కాలి. బోర్డు కింద చిన్న పలక మీద దూరం రాసి ఉంటే మాత్రం అంత దూరం పోయాక మొదలవుతుంది. ఆ పలక ఒక్క ఒడియాలోనే ఉంటే టెక్కలి డ్రైవరుకు అర్థమయ్యేదెలా?

80 మీద పోయే బండి సెకనుకు 22 మీటర్లు పరుగెడుతుంది. డ్రైవరు చూసి, కాలు కదిపేందుకు రోడ్డు ఇంజనీర్లు రెండున్నర సెకన్లు లెక్క వేస్తారు. 55 మీటర్లు అందులోనే పోయాయి. ఆ తర్వాత కుదుపు లేకుండా 40కి దిగాలంటే ఇంకో 90 నుంచి 125 మీటర్లు కావాలి. అంటే బోర్డును 150 నుంచి 180 మీటర్ల ముందే గమనించాలి. లోడు లారీకి, వాన పడిన రోడ్డుకు ఇదీ సరిపోదు. పద్ధతి తెలిసిందే: యాక్సిలరేటర్ వదలడం, గేరు దించడం, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డుకుని వేగం తగ్గించేది) ఉంటే వేయడం, కాలి బ్రేకు ఆఖరున. బోర్డు ముక్కు దగ్గరికొచ్చాక బ్రేకు మీద నిలబడితే వెనక వచ్చేవాడు గుద్దుతాడు, లేదా కొబ్బరికాయల లోడు ముందుకు జరుగుతుంది. ఘాటు దిగుతూ ఎంతసేపూ బ్రేకు మీదే కాలు పెట్టుకుంటే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి, కావలసిన మలుపులో బ్రేకులు పట్టవు.

అసలు బోర్డే లేకుండా మారే పరిమితీ ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. కేంద్రం 2018 ఏప్రిల్ 6న ప్రకటించిన పట్టికలో మధ్యన డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు 100, బస్సుకు 90, సరుకు లారీకి 80. మామూలు రోడ్ల మీద కారుకు 70, బస్సుకూ లారీకీ 60. నరసన్నపేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి దిగి పాతపట్నం రోడ్డెక్కగానే లారీ పరిమితి 80 నుంచి 60కి పడిపోయినట్టే. అక్కడ ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. పైగా ఇవి గరిష్ఠాలు మాత్రమే. రాష్ట్రం వీటిని తగ్గించవచ్చు, పెంచే అధికారం లేదు.

తగ్గించడానికి రాష్ట్రానికి ఒక పద్ధతి ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 112వ సెక్షన్ ప్రకారం గెజిట్ ప్రకటనా ఉండాలి, తగిన చోట్ల బోర్డులూ ఉండాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే కుదరదు. మినహాయింపు ఒక్కటే: నెల రోజులకు మించని పరిమితికి గెజిట్ ప్రకటన అవసరం లేదు. కల్వర్టు పని జరుగుతున్న చోట రాత్రికి రాత్రి వెలిసిన ‘20’ బోర్డును డ్రైవర్లు లెక్కచేయాల్సిందే. చిక్కంతా పని అయిపోయాక వస్తుంది. యంత్రాలు వెళ్లిపోతాయి, తారు ఆరిపోతుంది, బోర్డు మాత్రం నెలలు గడిచినా కదలదు. ఖాళీ రోడ్డు మీద అలాంటివి పది చూసినవాడు బడి ముందున్న నిజమైన ‘30’నూ నమ్మడు. కాంట్రాక్టరు బోర్డు పెట్టిన తేదీ, తీసేసే తేదీ దాని వెనకవైపు పెయింటుతో రాయించాలి. ఖర్చు లేని పని.

సరిహద్దు దగ్గర ఇంకో సమస్య. ఆంధ్ర ప్రకటన ఆంధ్ర హద్దుతోనే ఆగిపోతుంది, అవతల ఒడిశాది మొదలు. కాబట్టి హద్దు దాటగానే మొదటి బోర్డు ఉండాలి, ఊరి మధ్యకొచ్చాక కాదు. పక్క ఊరి రోడ్డు వచ్చి కలిసే ప్రతి కూడలి తర్వాత అదే అంకె మళ్లీ కనిపించాలి, ఎందుకంటే అక్కడ రోడ్డెక్కినవాడు వెనకటి బోర్డు చూడలేదు. ఊరు దాటాక తెల్ల గుండ్రం మీద నల్ల ఏటవాలు పట్టీ ఉన్న ‘పరిమితి ముగిసింది’ బోర్డు పెట్టడం మరీ అరుదు. అది కనిపించేదాకా పాత అంకే నడుస్తోందనుకోవడం క్షేమం. కనిపించినా ఇష్టమొచ్చినట్టు పొమ్మని కాదు, ఆ రోడ్డు సాధారణ పరిమితికి తిరిగి వచ్చామని అర్థం.

జరిమానా తక్కువేమీ కాదు. 2019 సవరణ తర్వాత అదే చట్టం 183వ సెక్షన్ కింద కారుకు 1,000 నుంచి 2,000 రూపాయలు, బస్సు, లారీలకు 2,000 నుంచి 4,000. రెండోసారి దొరికితే లైసెన్సు కూడా స్వాధీనం చేసుకుంటారు. తొందరపెట్టి తోలించిన యజమానికీ ఇదే సెక్షన్ వర్తిస్తుంది. చలానా వస్తే ముందు చోటు, తేదీ, నమోదైన వేగం, నంబరు పలక కనిపించే ఫోటో చూసుకోవాలి. పరికరం కొలత లేకుండా ఒక్క మనిషి కంటి అంచనాతో శిక్ష వేయడం కుదరదు. కెమెరాతో నిఘా ఉన్న రోడ్డు మీద ఆ సంగతి తెలిపే బోర్డు స్పష్టంగా పెట్టాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఏ నిబంధన చెబుతోంది.

‘40’ బోర్డుకు యాభై మీటర్ల అవతలే కెమెరా బిగించడం చట్టానికి సరిపోవచ్చు గానీ మాకు న్యాయంగా తోచదు. మలుపు చాటున, చెట్టుకొమ్మ వెనక ఉన్న బోర్డుకు అలాంటి కెమెరా తోడైతే దొరికేది దుడుకుగా తోలేవాడు కాదు, కొత్తగా వచ్చినవాడు. కెమెరా పెట్టేముందు హద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు జిల్లాల రవాణా అధికారులు లోడు లారీలో కూర్చుని అదే రోడ్డు మీద 80తో వచ్చి, ఆ బోర్డు 180 మీటర్ల దూరం నుంచి కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపించకపోతే ముందుగా హెచ్చరించే బోర్డు ఇంకొకటి పెట్టించి, ఆ తర్వాతే కెమెరా పని మొదలుపెట్టాలి.

— డ్రైవింగ్ శిక్షకులు, పర్లాకిమిడి