వార్తలో శాటిలైట్ బరువు ఉంది, డిష్ సంగతి లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మీ పత్రికలో శాటిలైట్ ఇంటర్నెట్ మీద వచ్చిన కథనం చదివాను. మన దేశపు జీశాట్-ఎన్2 శాటిలైట్ బరువు 4,700 కిలోలు, సామర్థ్యం సెకనుకు 48 గిగాబిట్లు, ఇక ఏజెన్సీ గూడేల్లోనూ హైదరాబాద్ లెవెల్లో నెట్ అని రాశారు. మొదటి రెండూ నిజమే, మూడోదానితోనే నాకు పేచీ. నేను 18 ఏళ్లుగా పాడేరు, చింతపల్లి, అరకు వైపు బ్యాంకు బ్రాంచీలకీ పెట్రోలు బంకులకీ శాటిలైట్‌తో నేరుగా మాట్లాడే వీశాట్ డిష్‌లు బిగిస్తూ, చెడితే బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ని. మీ కథనం వచ్చిన రోజు సాయంత్రానికే నాకు నాలుగు ఫోన్లు. "ఏటి గురూ, ఆ డిష్షు మా ఇంటికెప్పుడు ఎడతావు?" అని.

అందరికీ ఒకే లెక్క చెప్పాను, మీకూ అదే చెబుతాను. ఆ 48 గిగాబిట్లు దేశం మొత్తానికి. దాన్ని 32 బీమ్‌లుగా పంచారు (బీమ్ అంటే టార్చి వెలుగులా ఒక్కో ప్రాంతం మీద పడే సిగ్నల్), సన్నవి 8 ఈశాన్య రాష్ట్రాలకి, వెడల్పువి 24 మిగతా దేశానికి. సగటున తీస్తే బీమ్‌కి గిగాబిట్టున్నర. ఈశాన్యం పోగా మిగిలిన దేశ విస్తీర్ణాన్ని 24 వాటాలు వేస్తే ఒక్కో వాటా తెలంగాణ రాష్ట్రం కంటే కాస్త పెద్దదే వస్తుంది (అర్థం కావడానికి సమానంగా పంచాను, నిజంలో అలా ఉండదు). అంత మేరలో ఒకేసారి వెయ్యి మంది వీడియో చూడటం మొదలుపెడితే తలా ఒకటిన్నర మెగాబిట్లు (గిగాబిట్టుకి వెయ్యి మెగాబిట్లు). రోడ్డు పక్కన పూడ్చే ఫైబర్ కేబుల్లో వెంట్రుకంత పోగు, ఒక్క రంగు కాంతి మీదే ఇప్పుడు 100 గిగాబిట్లు మోస్తోంది. హైదరాబాద్ లెవెల్ అంటే అదీ.

శాటిలైట్‌ని తక్కువ చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అది నాకు అన్నం పెట్టింది. నా బాధల్లా వార్తల్లో రాకెట్టూ కిలోలూ తప్ప అసలు పని చేసే రెండు వస్తువుల పేర్లు ఎప్పుడూ కనపడవు అని. అవి యాంటెన్నా, సిగ్నల్‌కి బలం పెంచే యాంప్లిఫయర్. కిలోలతో ఏమీ తేలదనడానికి మన శాటిలైట్లే సాక్ష్యం. 2018 డిసెంబరులో ఫ్రెంచ్ గయానా నుంచి వెళ్లిన జీశాట్-11 బరువు 5,854 కిలోలు, సామర్థ్యం 16 గిగాబిట్లు. 2024 నవంబరులో అమెరికా నుంచి వెళ్లిన ఎన్2 దానికంటే వెయ్యి కిలోలకు పైగా తేలిక, సామర్థ్యం మాత్రం మూడు రెట్లు! వినియోగదారుల వైపు బీమ్‌లు రెండింటికీ 32 చొప్పునే. మారింది బ్యాండు, అంటే సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీల పట్టీ. జీశాట్-11 మన డిష్‌లతో కేయూ బ్యాండులో మాట్లాడుతుంది, ఎన్2 దానికి పైనున్న కేఏ బ్యాండులో. కేఏలో చోటు ఎక్కువ, రెండు లైన్ల రోడ్డు పక్కన ఆరు లైన్ల రోడ్డు వేసినట్టు. దానికి చెల్లించే మూల్యం వాన, ఆ సంగతికి తర్వాత వస్తాను.

బీమ్ అంటే ఏమిటని మా కుర్రాళ్లు అడిగితే నేను చెప్పేది ఇది. తోటకి నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే అవే నీళ్లు దూరం కొడతాయి. యాంటెన్నా పని అంతే, ఉన్న పవర్‌ని ఒక దిక్కుకి కూడదీస్తుంది. 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి అర డిగ్రీ సన్నని బీమ్ వదిలినా మన దగ్గరికి వచ్చేసరికి మూడొందల కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు అవుతుంది. ఇంకా సన్నగా కావాలంటే పైన ఇంకా పెద్ద యాంటెన్నా ఉండాలి. సన్నగా ఎందుకంటే, శ్రీరామనవమికి పక్క పక్క వీధుల్లో రెండు మైకులు పెడితే ఏ పాటా వినపడదు, కానీ నాలుగు ఊళ్ల అవతల పందిట్లో అదే పాట పెట్టుకున్నా మనకేం అడ్డు రాదు. అలాగే ఒకే ఫ్రీక్వెన్సీని దూరదూరంగా ఉన్న బీమ్‌లలో మళ్లీ మళ్లీ వాడతారు. హై త్రూపుట్ (ఎక్కువ డేటా మోసే) శాటిలైట్ అని పెద్ద పేరు పెట్టినదాని కిటుకు చాలావరకు ఇదే.

పెద్ద యాంటెన్నా అంటే గుర్తొచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 శాటిలైట్‌తో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చూపించారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆ పథకం పేరు సైట్. అరవై దాటిన వాళ్లలో ఊరందరితో కలిసి ఆ టీవీ చూసినవాళ్లు ఇప్పటికీ ఉంటారు, మీ విలేకరులు వెతికితే మంచి కథనం అవుతుంది. పైన 9 మీటర్ల యాంటెన్నా గొడుగులా విచ్చుకుంది, టీవీ పంపిన ట్రాన్స్‌మిటర్ 80 వాట్లు, అంటే ఒక సీలింగ్ ఫ్యాన్ తిరిగేంత కరెంటు. పైన అంత పెద్దది ఉండబట్టే కింద పల్లెలో కోళ్ల గూళ్లకి కొట్టే ఇనప వలతో చేసిన 3 మీటర్ల డిష్ సరిపోయింది. ఇప్పటికీ లెక్క మారలేదు, పైన ఎంత పెద్దదైతే కింద అంత చిన్నది చాలు.

కానీ ఆ పెద్దదాన్ని మడిచి రాకెట్లో పెట్టి, పైకెళ్లాక విప్పాలి. పెళ్లి షామియానా విప్పేటప్పుడే ఏదో ఒక తాడు చిక్కుకుంటుంది, ఆకాశంలో అయితే సవరించే నాథుడే ఉండడు. మన జీశాట్-6కి 2015లో 6 మీటర్ల యాంటెన్నా సవ్యంగానే విచ్చుకుంది. 2023లో పంపిన వయాశాట్-3 మొదటి శాటిలైట్‌కి మాత్రం యాంటెన్నా సరిగా తెరుచుకోలేదు. సెకనుకు టెరాబిట్ అనుకున్నదాంట్లో పదో వంతు కూడా రాదని ఆ కంపెనీయే చెప్పుకోవాల్సి వచ్చింది. రాకెట్ తప్పేమీ లేదు, బరువూ సరిగ్గానే ఉంది!

ఇక యాంప్లిఫయర్. పెద్ద శాటిలైట్లలో ఎక్కువగా ఇప్పటికీ ట్యూబే ఉంటుందంటే మా కుర్రాళ్లు నమ్మరు. పాత రేడియోలతో పాటు ట్యూబులూ పోయాయి కదా అంటారు. దీని పేరు ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లో దీన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ కాంప్‌ఫ్నర్ చదివింది ఆర్కిటెక్చర్, అంటే ఇళ్ల ప్లాన్లు గీసే మనిషి. 1962లో ఎగిరిన టెల్‌స్టార్‌లోనూ ఇదే ఉంది. లోపల స్ప్రింగులా చుట్టిన సన్నని తీగ, దాని నడిమధ్య నుంచి సూటిగా దూసుకెళ్లే ఎలక్ట్రాన్లు. మా ఘాట్ రోడ్డు చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బస్సు మలుపులన్నీ తిరుగుతూ దిగుతుంది, మనిషి కాలిబాట పట్టి అడ్డంగా దిగుతాడు, బస్సు ఎంత వేగంగా పోయినా ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి కిందికి చేరతారు. సిగ్నల్ కూడా ఆ తీగ చుట్లన్నీ తిరిగి రావడంతో ఎలక్ట్రాన్లతో పక్కపక్కనే నడుస్తుంది, నడుస్తూ నడుస్తూ వాటి శక్తిని తాను లాక్కుని బలుస్తుంది. మన దేశంలో పిలానీలోని సీరి అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ దశాబ్దాలుగా ఇలాంటి ట్యూబుల మీద పనిచేస్తోంది, దాని గురించి తెలుగు పత్రికల్లో నేను ఒక్క ముక్కా చదవలేదు.

మంచి ట్యూబు 100 వాట్లు తీసుకుంటే 60కి పైనే సిగ్నల్‌గా ఇస్తుంది, మిగతాదంతా వేడి. అక్కడ గాలి లేదు కాబట్టి ఫ్యాన్ పెట్టినా లాభం లేదు, హీట్ పైపులతో ఆ వేడిని పక్క ప్యానెళ్లకి తీసుకెళ్లి ఆకాశంలోకి వదలాలి. పోనీ ఉన్న ట్యూబునే గట్టిగా తోలదామంటే, పెళ్లి మైకు ఫుల్లుగా పెట్టినట్టు గరగర వచ్చి ఒక చానల్ ఇంకో చానల్‌ని చెడగొడుతుంది, అందుకే కాస్త తగ్గించి వాడతారు. సామర్థ్యం పెంచండి, బీమ్‌లు పెంచండి అనడం తేలికే, ప్రతి బీమ్ వెనకా ఈ కరెంటు, ఈ వేడి ఉంటాయి. గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు ఈ ట్యూబులకి పోటీగా వస్తున్నాయి, మంచిదే. కింద డిష్‌కి మేం బిగించే, సిగ్నల్‌ని బలపరిచి పైకి పంపే డబ్బా బక్‌లోనూ ట్రాన్సిస్టర్లే ఉంటాయి. చాలా బ్రాంచీల్లో అది 2 వాట్లే, పాత జీరో బల్బు కంటే తక్కువ. దాంతోనే 36,000 కిలోమీటర్లు మాట్లాడతాం. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇప్పుడు వాన. కేఏ బ్యాండులో పైకి వెళ్లే తరంగం పొడవు ఒక సెంటీమీటరు. వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లు. సైజులు దగ్గరపడే కొద్దీ చినుకులు సిగ్నల్‌ని మింగేస్తాయి, చెదరగొడతాయి. మన వానలు ఎంత మింగుతాయో కొలవడానికే 2014లో పంపిన జీశాట్-14లో 20.2, 30.5 గిగాహెర్ట్జ్‌లలో రెండు కేఏ బీకన్లు (ఎప్పుడూ ఒకే బలంతో సిగ్నల్ పంపే పరికరాలు) పెట్టారు. మందు లేకపోలేదు, వాన పెరిగితే పవర్ పెంచడం, స్పీడు తగ్గించుకుని లింకు తెగకుండా చూసుకోవడం. ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు. మీ ఇంటి దగ్గర ఎండ కాస్తున్నా, శాటిలైట్‌ని ఇంటర్నెట్‌తో కలుపుతూ ఎక్కడో నేల మీద ఉన్న గేట్‌వే స్టేషన్ మీద కుంభవృష్టి పడితే మీ నెట్ కూడా నీరసపడుతుంది. అందుకే గేట్‌వేలు ఎన్ని, ఎక్కడెక్కడ అన్నది శాటిలైట్ బరువు కంటే ముఖ్యమైన వార్త.

అన్నిటికీ వానని తిట్టడమూ తప్పే. కొన్నేళ్ల కిందట ఆగస్టులో ఒక బ్రాంచీలో మూడు రోజులు లింకు డౌన్. పింఛను కోసం కొండ దిగి వచ్చిన ముసలమ్మలు వరండాలోనే కూర్చున్నారు. పైవాళ్లని అడిగితే "వానలు కదా, శాటిలైట్ ప్రాబ్లమ్, ఆగండి" అన్నారట. చివరికి నన్ను పంపితే, డాబా ఎక్కి చూద్దును కదా, ఫీడ్ హార్న్ (డిష్ ముందుండే సిగ్నల్ గొట్టం) మీద పొర చిరిగి లోపల కందిరీగలు గూడు పెట్టాయి, బక్ కనెక్టర్ నిండా నీళ్లు. తుడిచి, ఆరబెట్టి, కొత్త కనెక్టర్ వేసి, రబ్బరు టేపు చుట్టి, మళ్లీ పీకింగ్ (డిష్‌ని సరిగ్గా శాటిలైట్ వైపు తిప్పడం) చేసేసరికి గంటన్నర. పైనున్న శాటిలైట్ ఆ మూడు రోజులూ నిక్షేపంగా ఉంది.

కాబట్టి ఈసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు ఏ బ్యాండు, మన జిల్లాలు ఏ బీమ్ కిందికి వస్తాయి, ఆ బీమ్‌లో ఎంతమంది, ఇంటి దగ్గర డిష్ ఎంత సైజు, ఖరీదెంత, గేట్‌వే ఎక్కడ, చెడితే వచ్చి చూసేది ఎవరు, ఇవి కూడా కనుక్కుని రాయండి. మీ విలేకరికి కావాలంటే ఏదో ఒక డాబా మీదికి నేనే తీసుకెళ్లి చూపిస్తాను, చెప్పులు మాత్రం గట్టివి వేసుకుని రమ్మనండి.

ఆ రోజు ఫోన్ చేసిన నలుగురిలో ముగ్గురి ఇళ్ల ముందు నుంచే ఫైబర్ వెళుతోంది, లైన్ తీసుకోమని చెప్పాను. నాలుగో ఆయనది కొండ మీద గూడెం, టవర్ సిగ్నల్ కూడా లేదు. ఆయనకి మాత్రం డిష్ కావాల్సిందే, ఇంటికి కాదు, బడికి ఒకటి పెట్టించుకోమన్నాను. అర్జీ రాసిపెట్టమన్నాడు, రాసిచ్చాను.

ఇట్లు,
ఒక వీశాట్ మెకానిక్,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా
(పేరు వేయవద్దని మనవి)