పేరైనా అడగలేదు ఆవిణ్ని

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే మన్నించండి. తమ్ముణ్ని నిన్న రాత్రి ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. ఇవాళ గోడ పట్టుకోకుండా బాత్రూమ్ దాకా నడిచాడు.

వాడికి 26 ఏళ్లు. బుద్ధి ఎదుగుదల తక్కువ, మాటలు ఓ పది వస్తాయంతే. ఫిట్స్ ఆగట్లేదని 2 నెలల కిందట ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు 300 మిల్లీగ్రాముల నుంచి 400కి పెంచారు. అప్పట్నుంచి తూలడం, పడిపోవడం, కంచం విసిరికొట్టడం. ఎవరికి చెప్పినా "ఇలాంటివాళ్లు అంతేనమ్మా" అన్నారు. మొండితనం తగ్గాలని ఇంకో మత్తుమాత్ర రాశారు. దాంతో మంచం కూడా దిగలేదు.

ఓపీ బయట ఒకావిడ, కూతురి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వీణ్ని కాసేపు చూసి, నేరుగా వాణ్నే అడిగింది: "నాన్నా, నేల కదుల్తోందా?" వాడు ఆవిడ చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. 2 నెలల్లో వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. అక్కడే ఏడ్చేశాను.

"మందు పెంచకముందు నడిచిన వీడియో ఉందామ్మా? డాక్టరుకి అది చూపించు, నోటితో చెప్తే వినరు. రక్తంలో మందు ఎంతుందో చూడమను. నీ అంతట నువ్వు మాత్రం మాత్ర ఆపకు, ఫిట్స్ ఆగకుండా వస్తాయి" అంది. వాళ్లమ్మాయికీ ఇలాగే అయిందట.

పరీక్ష చేస్తే రక్తంలో మందు లెవెల్ 36 వచ్చింది. మామూలుగా 10 నుంచి 20 మధ్య ఉండాలి. ఈ మందు ఒక మోతాదు దాటాక ఒంట్లోంచి త్వరగా పోదట, కొంచెం పెంచినా రక్తంలో ఒక్కసారిగా పెరిగిపోతుందట. వాడి కళ్లు అదిరినట్టు కొట్టుకోవడమూ దానివల్లేనట. ఈ ముక్క పెంచిన రోజే చెప్పడానికి ఎంతసేపు పట్టేది? తల తిరుగుతోందని చెప్పలేనివాడికి పరీక్ష ముందే రాయొచ్చుగా! చీటీ రాసి "నెక్స్ట్" అనడమే తెలుసు.

అమ్మానాన్నలకి, అన్నయ్యకి థ్యాంక్స్, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ కోసం వెనక్కి వచ్చి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మా, ఇది మీ కంటపడితే మీ పాప ఎలా ఉందో చెప్పండి.

అయ్యో, రక్తం తీసిన అబ్బాయిని మర్చిపోయా! వీడు సూదికి భయపడితే వరండాలో నేలమీద కూర్చుని తీశాడు. వీల్‌చైర్ తోసిన ఆయాకి కూడా. రాత్రి దుప్పటి ఇచ్చిన పక్కమంచం తాతగారికీ.